అరవై రెండో టోపీ

శనివారం పొద్దున్నే అరవై మందిని గ్యాలరీలో కూర్చోబెట్టేసి, ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చి కాఫీ తాగాలన్నది బొమ్మల మాస్టారి పథకం. ఆ అరవై మందీ కిక్కురుమనని రకం. కాబట్టి అదేమంత పెద్ద పని కాదనే ఆయన అనుకున్నారు.

మాస్టారంటే బడి మాస్టారు కాదు. పెద్ద బట్టల కొట్లో షోకేసులు అలంకరించడం ఆయన ఉద్యోగం. అద్దం వెనక బొమ్మలకు బట్టలు తొడిగి, దారినపోయేవాళ్లు ఆగి చూసేలా నిలబెడతారు. ఇరవై ఏళ్లుగా అదే పని కావడంతో కొట్లో ఉన్న ప్రతి బొమ్మా ఆయనకు చుట్టం కిందే లెక్క. ముక్కు చెక్కిపోయిన పెద్దాయన, చిటికెనవేలు విరిగిన కోడలు, ఎడమ చెవి రంగు పోయిన మేనత్త. బట్టలు మార్చేటప్పుడు "కొంచెం చెయ్యెత్తమ్మా" అని మర్యాదగా అడగడం కూడా ఆయనకు అలవాటు. అవి ఎత్తవు, ఆయనే ఎత్తుతారు.

ఆ శని, ఆదివారాలు ఊరి నడిమధ్య వీధుల్లో కార్ల పందెం. రోజూ బస్సులు తిరిగే రోడ్లకు అటూ ఇటూ సిమెంటు దిమ్మలు పేర్చి, వాటి మీద ఇనుప వల కట్టేశారు. దుకాణాలు మూయించి, సిగ్నల్ దీపాలకు గోనెసంచులు తొడిగారు. ఆదివారం సాయంత్రం పందెం ముగిశాక అదే రోడ్డు చివర వేదిక మీద పాటలమ్మాయి కచేరీ. దేశంలో పదేళ్లు దాటిన ప్రతి ఆడపిల్ల గదిలోనూ ఆమె ఫొటో ఒకటి ఉంటుందని అంటారు. మాస్టారి కూతురి గదిలో పదకొండు ఉన్నాయి.

చిక్కల్లా తొమ్మిదో మలుపు గ్యాలరీతో వచ్చింది. అక్కడినుంచి చూస్తే కార్లు ఒక గోడ చాటునుంచి వచ్చి ఇంకో గోడ చాటుకు పోతాయి. రెప్పపాటు సేపు కనిపించేదానికి టికెట్టు ఎవరు కొంటారు? కానీ టీవీ కెమెరా సరిగ్గా ఆ గ్యాలరీకి ఎదురుగా ఉంది. ఖాళీ కుర్చీలు లోకమంతా చూస్తే పరువు పోతుందని, మెడలో మూడు కార్డులు వేలాడేసుకు తిరిగే నిర్వాహకుడొకడు కొట్టుకొచ్చి, యజమానిని ఒప్పించి, మాస్టారిని పక్కకు పిలిచాడు. అవి బొమ్మలని పందెం అయ్యేదాకా పిట్టకు కూడా తెలియకూడదు. తెలియకుండా గడిస్తే, కచేరీలో అందరికన్నా ముందు నిలబడేందుకు చేతిపట్టీలు మూడు ఇస్తాడు. బయటపడితే మాత్రం పట్టీల ఊసే ఎత్తకూడదు.

ఆ పట్టీల కోసమే మాస్టారు తలూపారు. నలభై రోజులుగా కూతురు ఆయనతో మాట్లాడటం లేదు. బడి వార్షికోత్సవంలో ఆ పిల్ల మొదటిసారి ఒంటరిగా వేదికెక్కి పాట పాడింది. ముందు వరసలో తండ్రి కోసం ఆపిపెట్టిన కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉండిపోయింది. ఆ సాయంత్రం మాస్టారు షోకేసులో ఒక బొమ్మ తల ఎటు వంచితే అందమో తేల్చుకుంటూ కూర్చుండిపోయారు. గుర్తొచ్చి పరుగెత్తేసరికి బడి గేటుకు తాళం వేస్తున్నారు. ఆ రోజునుంచి ఆ పిల్ల ఏమడిగినా "ఊఁ" అంటుంది, లేకపోతే "ఊఁహూఁ" అంటుంది. ఈ కచేరీ కూడా తప్పితే ఆ రెండూ కూడా ఉండవని ఆయన భయం.

శనివారం తెల్లవారేసరికి బొమ్మల్ని గ్యాలరీకి చేర్చారు. నడుము దగ్గరా మోకాళ్ల దగ్గరా మడిచే రకం కాబట్టి కూర్చోబెట్టడం తేలికే అయింది. చినుకులు పడుతున్నాయని నిర్వాహకులు గేటు దగ్గర అందరికీ పసుప్పచ్చ వానకోటూ ఎర్రటోపీ పంచుతున్నారు. మాస్టారు వీటికీ అవే తొడిగి, పైన నల్ల కళ్లద్దాలు పెట్టారు. పెట్టి చూసుకుంటే ముక్కు పోయిన పెద్దాయన ఎవరో, వేలు విరిగిన కోడలు ఎవరో ఆయనకే ఆనవాలు దొరకలేదు. సొంతవాళ్ల మధ్యలో పరాయివాడిలా అనిపించింది.

ఆ తర్వాత ఆయన ఒక పని చేశారు. ఆయన తప్ప భూమ్మీద ఇంకెవరూ చేయని పని. నిటారుగా ఎదురుకు చూసే బొమ్మ శవంలా కనిపిస్తుందని ఆయన సిద్ధాంతం. మెడ దగ్గర మరను అరచుట్టు వదులు చేస్తే తల రవ్వంత ఒరిగి, ప్రాణం ఉన్నట్టు కనిపిస్తుంది. షోకేసులో నాలుగింటికి చేసేది ఇక్కడ అరవైకీ చేశారు. లోకమంతా టీవీలో చూసే పని కదా మరి.

పదింటికి కార్లు సాధన మొదలుపెట్టాయి. మొదటి కారు పోతుంటే గ్యాలరీ ఇనుప చట్రం మొత్తం గజగజలాడింది. మాస్టారు పై వరస ఎడమ చివర నిలబడి, అలవాటు కొద్దీ టోపీలు లెక్కపెట్టారు. అరవై ఒకటి. కళ్లు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టారు. అరవై ఒకటే. కార్లు తిరుగుతున్నంతసేపూ వరసల మధ్య నడవకూడదని కాపలా మనిషి ఆపేశాడు. గంటసేపు ఆ అరవై ఒక్క టోపీలనూ చూస్తూ నిలబడ్డారు. చివరికి ఏదో కాగితం మీద సంతకానికి పిలిస్తే అటు తిరిగి ఇటు తిరిగేసరికి కార్ల మోత ఆగిపోయి ఉంది. దిగి వెళ్లి ఒక్కొక్క భుజం తట్టి లెక్కపెట్టారు. అరవై ఉన్నాయి. కాఫీ సంగతి ఆయనకు గుర్తే లేదు.

ఇంట్లో ఈ మాట అనలేదు. భార్య బడిలో టీచరు. ఆమె చెవిన పడిన కబురు రెండో పీరియడు గంట కొట్టేలోపు స్టాఫ్‌రూమంతా తిరిగొస్తుంది. అందుకని బొమ్మల సంగతి కూడా దాచి, కొట్టు తరఫున పందెం గ్యాలరీకీ కచేరీకీ కలిపి మూడు పాసులు దొరికాయని మాత్రం చెప్పారు.

"మూడేనా?" అన్నారు మామగారు.

మామగారు గూడ్సు రైలు గార్డుగా ముప్పై అయిదేళ్లు పనిచేసి, రిటైరయ్యాక కూతురి దగ్గరే ఉంటున్నారు. బండి చివరి పెట్టెలో ఊగుతూ బతికిన మనిషి కావడంతో, కూర్చుని నిద్రపోవడం, ఎంత రొదలోనైనా నిద్రపోవడం ఆయనకు పట్టుబడ్డాయి. ఈల వినబడితే తప్ప లేవరు. ఈమధ్యే కంటి ఆపరేషన్ అయింది కాబట్టి నల్ల కళ్లద్దాలు ముఖం మీదినుంచి తీయరు.

"పోనీలెండి అల్లుడుగారూ, నాకెందుకు. నేను చూడని వేగమా?" అని మామగారే సర్దుకున్నారు. గూడ్సు బండికి అంత వేగం ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

ఆదివారం మిగతావాళ్లు లేచేసరికి ఆయన ఇంట్లో లేరు. ప్రతి ఆదివారం ఊరి ఆ చివరున్న పాత స్నేహితుడి ఇంటికి పేకాటకు వెళ్లి సోమవారం పొద్దున తిరిగి రావడం మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. గోడ మేకుకు ఎప్పుడూ వేలాడే ఎర్రజెండా, పచ్చజెండా ఆ పూట అక్కడ లేవన్నది కూడా ఎవరూ చూడలేదు.

పన్నెండింటికి ముగ్గురూ నడిచి బయల్దేరారు. రోజూ ఒకరినొకరు తోసుకునే బస్టాపులో ఒక్క మనిషి లేడు. మూసిన కొట్ల అద్దాల్లో వాళ్ల ముగ్గురి నీడలే వాళ్ల పక్కన నడిచాయి. చౌరస్తాలో సిగ్నల్‌కు తొడిగిన గోనెసంచి లోపల దీపం ఎర్రగా వెలిగి, పచ్చగా మారి, మళ్లీ ఎర్రబడింది. ఎవరి కోసం మారుతోందో తెలియదు. దీపం ఎర్రగా ఉన్నంతసేపూ టీచరమ్మ అలవాటుగా ఆగి నిలబడింది.

గ్యాలరీ మెట్లెక్కగానే కూతురు ఒకసారి అందరివంకా చూసి, ఒకసారి తండ్రివంక చూసింది. చిన్నప్పుడు ఈ బొమ్మల ఒళ్లో కూర్చునే హోంవర్కు చేసుకున్న పిల్ల. దానికి క్షణంలో అర్థమైపోయింది. కానీ ఆ సంగతి అనాలంటే తండ్రితో మాట్లాడాలి. అందుకని ఏమీ అనకుండా పై వరసలో కుడివైపు చిట్టచివరకు పోయి, మూలన ఉన్న టోపీ పక్కన కూర్చుంది. మాస్టారు దంపతులు ఎడమ చివర కూర్చున్నారు.

"ఎంత క్రమశిక్షణండీ వీళ్లకి. మా తొమ్మిదో తరగతిని తీసుకొచ్చి చూపించాలి" అంది టీచరమ్మ.

మాస్టారు వినిపించుకునే స్థితిలో లేరు. తమ ముగ్గురివీ వదిలేసి టోపీలు లెక్కపెడుతున్నారు. అరవై రెండు. వేళ్లు మడిచి, వరసవరసగా మళ్లీ లెక్కపెట్టారు. అరవై రెండే. నిన్న ఒకటి పెరిగింది, ఇవాళ ఇంకొకటి పెరిగింది. రేపు పందెం లేదన్నది ఒక్కటే ఆయనకు మిగిలిన ఊరట. కిందికి దిగి చూద్దామని లేచారు కానీ, పందెం రోజు ముందునుంచే వరసల మధ్య తిరగకూడదంటూ కాపలా మనిషి దూరం నుంచే వేలు చూపించి కూర్చోబెట్టాడు.

పందెం మొదలు కావడానికి ఇంకా గంటకు పైగా ఉంది. కుడి మూలన కూతురు పక్కనున్న టోపీతో ఏదో చెబుతోంది. చేతులు తిప్పుతూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ, ఆగకుండా చెబుతోంది. బొమ్మలతో మాట్లాడే అలవాటు తన దగ్గరినుంచే వచ్చి ఉంటుందనుకుని మాస్టారు కొంచెం మురిసిపోయారు. అంతలో ఆ టోపీ రెండుసార్లు కిందికీ పైకీ ఊగింది. చూస్తే అవునంటున్నట్టే ఉంది. మెడ మర వదులు చేసింది తనే కదా, గాలికి ఊగి ఉంటుందని సర్దిచెప్పుకున్నారు. గాలి ఆ పూట ఆకు కూడా కదలనంతగా స్తంభించి ఉంది.

రెండింటికి పందెం మొదలైంది. ఇరవై కార్లు ఒకేసారి మలుపు తిరిగితే ఆ మోత చెవుల్లోకి కాక ఎముకల్లోకి దిగింది. అయిదో రౌండుకు మాస్టారికి ఒక మార్పు కనిపించింది. తలలన్నీ కార్లు పోయే వైపు, కుడికి, వేలెడంత తిరిగి ఉన్నాయి. సహజంగా ఉందే అని సంతోషించారు. పదో రౌండుకు గడ్డాలు భుజాల మీదికి వచ్చాయి. ఆ సంతోషం కాస్తా పోయింది. అప్పుడు వెలిగింది ఆయనకు. చట్రం అదిరినప్పుడల్లా వదులు మర ఇంకాస్త వదులవుతోంది. అరవై మరలూ ఒకే కార్ఖానావి, తిరిగితే ఒకే వైపు తిరుగుతాయి.

పదిహేనో రౌండుకు గడ్డాలు భుజాలు దాటాయి. అరవై నల్ల కళ్లద్దాలు రోడ్డును పూర్తిగా వదిలేసి, వెనక్కి, పైకి, కుడి మూలకు గురిపెట్టాయి. ఆ మూలన ఆయన కూతురుంది.

అంతలో రెండో వరస మధ్యలో ఒక్క టోపీ మాత్రం ఆయన కంట పడింది. చుట్టూ అందరూ వెనక్కి తిరిగినా అది తిరగలేదు. రోడ్డు వంకే చూస్తూ కూర్చుంది. తిరిగిన అరవై తలలకన్నా ఆ తిరగని తలే ఆయన్ను ఎక్కువ భయపెట్టింది.

టీచరమ్మకు ఇవేవీ తెలియవు. ఆమెకు కనిపించింది ఒక్కటే. అంతమంది పెద్దవాళ్లు పందెం మానేసి తన కూతుర్ని కళ్లార్పకుండా చూస్తున్నారు. మాస్టారు కొంగు పట్టి ఆపేలోపు ఆమె లేచి, తమ ముందు వరసలో ఉన్న మనిషి ఎదుట నిలబడింది.

"ఏమండీ, ఆడపిల్లని అలా చూడటానికి సిగ్గుగా లేదూ? మీకూ పిల్లలుండే ఉంటారుగా?"

ఆ మనిషి పలకలేదు. ఆమె అతని భుజం తట్టింది. మెడ ఆఖరి చుట్టు మీద ఉంది. తల ఊడి, సరాసరి ఆమె రెండు చేతుల్లోకి వచ్చి పడింది.

సరిగ్గా అప్పుడే ఎదుటి కెమెరా ఈ గ్యాలరీని పట్టుకుంది. రోడ్డుకు అవతలున్న పెద్ద తెర మీద ఊరంతా చూసింది. పసుప్పచ్చ కోట్లలో కదలని జనం, వెనక్కి తిరిగిపోయిన మెడలు, మధ్యలో చేతిలో తలకాయతో ఒక టీచరమ్మ. ఎర్రజెండాలు ఊగాయి. కార్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగాయి. ఇంజన్ల మోత పోయాక వచ్చిన నిశ్శబ్దంలో ఎక్కడో ఒక టోపీ జారి మెట్టు మీద పడిన చప్పుడు కూడా వినిపించింది.

ఆ నిశ్శబ్దంలో కుడి మూలనున్న బొమ్మ లేచి నిలబడింది. తనవైపు చూస్తున్న ముఖాలన్నిటినీ ఒకసారి చూసి, వెనక మెట్లమీదుగా పరుగెత్తి మాయమైంది. గంటకు పైగా దానికి తన గోడు వెళ్లబోసుకున్న కూతురు, నోరు తెరుచుకుని అలాగే కూర్చుండిపోయింది.

టీచరమ్మ అరవలేదు. మెల్లగా తన కుర్చీలోకొచ్చి కూర్చుని, తలకాయను ఒళ్లో పెట్టుకుని, భర్తవైపు తిరిగింది.

"ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?" అని నెమ్మదిగా అడిగింది.

"అరవై" అన్నారు మాస్టారు. ఆ మాట అంటున్నప్పుడే ఆయనకు అనుమానంగా ఉంది.

తెర మీద చూసినవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకున్నారు. టైర్ల పొగలో ఏదో విషం కలిసి జనం కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే బిగుసుకుపోయారన్న మాట అన్నిటికన్నా వేగంగా పాకింది. పది నిమిషాల్లో నాలుగు అంబులెన్సులు వచ్చాయి. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న డాక్టరూ, నర్సులూ వరసల్లోకి దిగి నాడి చూడటం మొదలుపెట్టారు. ఒకరికి లేదు, ఇద్దరికి లేదు, ముగ్గురికి లేదు. ఏడో మనిషి చెయ్యి భుజం దగ్గరికంటా ఊడి వచ్చేదాకా డాక్టరు పేర్లు రాసుకునే కాగితం కోసం వెతుకుతూనే ఉన్నాడు.

ఇవి బొమ్మలని ఆయన కేక వేశాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండో వరసలో ఉన్న చిన్న నర్సు మాత్రం ఇంకా ఒక చెయ్యి పట్టుకునే ఉంది.

"సార్, ఈయనకి కొట్టుకుంటోంది" అంది.

"బొమ్మకి నాడేమిటమ్మా? అది నీ గుండే అయ్యుంటుంది. దిగిరా" అని డాక్టరు విసుక్కున్నాడు. అప్పటికే పరువు పోయిన మనిషి, ఇంకొక్క నిమిషం అక్కడ ఉండదలుచుకోలేదు.

మూడు కార్డులాయన రొప్పుతూ వచ్చి మైకు అందుకున్నాడు. ప్రమాదం జరిగితే ప్రేక్షకుల్ని ఎలా కాపాడతామో చూపించడానికే ఈ ప్రదర్శన పెట్టామని, బొమ్మల్ని అందుకే తెచ్చామని తడుముకోకుండా చెప్పేశాడు. జనం చప్పట్లు కొట్టారు. పందెం మళ్లీ మొదలై ఎవరో గెలిచారు. కాపలా మనిషి దగ్గరుండి మాస్టారి కుటుంబాన్ని కిందికి దింపేశాడు కాబట్టి, ఆ తిరగని తల దగ్గరికి వెళ్లే వీలు ఆయనకు దొరకలేదు.

అంతా అయ్యాక మూడు కార్డులాయన వాళ్లను వెతుక్కుంటూ వచ్చి, మూడు చేతిపట్టీలు మాస్టారి చేతిలో పెట్టాడు.

"ఉంచుకోండి. పిల్లలు ఆడుకోవడానికి పనికొస్తాయి. కచేరీ లేదు" అన్నాడు.

పాటలమ్మాయి వేదిక వెనక మేడమీది గదిలో గోడవైపు తిరిగి కూర్చుందట. పసుప్పచ్చ కోటు కూడా విప్పడం లేదట. ఎవరు పిలిచినా తల తిప్పడానికి భయపడుతోందట. ఎందుకో ఏమిటో ఎవరికీ అంతుబట్టలేదు. కూతురికి మాత్రం అంతుబట్టింది. గదిలో పదకొండు ఫొటోలున్న పిల్ల, గంటకు పైగా ఆ మనిషి భుజానికి భుజం ఆనించి కూర్చున్న పిల్ల. దాని ముఖంలో రంగులు మారడం మాస్టారు చూశారు. ఒకసారి తను రాకపోవడం వల్ల దాని పాట పాడైంది. ఈసారి తను వచ్చినందుకు ఇంకొకరి పాట కూడా పోయింది.

కూతురు తల్లి చేతుల్లో ఇంకా ఉన్న తలకాయ వైపు చెయ్యి చూపించింది.

"నాన్నా, ఆ తల ఇలా ఇవ్వు."

నలభై రోజుల తర్వాత తండ్రితో అది అన్న మొదటి మాట అదే. మాస్టారు తలను తుడిచి, టోపీ సర్ది, రెండు చేతులతో అందించారు.

ఆ పిల్ల తలను చంకన పెట్టుకుని మేడ మీదికి ఒక్కతే వెళ్లింది. మర ఎటు వదులైతే తల ఎటు తిరుగుతుందో గదిలో తిప్పి చూపించిందట. మొదట గది లోపలినుంచి ఒక చిన్న కేక వినిపించింది. ఆ తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పగలబడి నవ్వడం వినిపించింది. పావుగంటకు మాస్టారిని కూడా రమ్మన్నారు.

పాటలమ్మాయి ఫొటోల్లో కన్నా చిన్నగా, అలిసిపోయినట్టుగా ఉంది.

"నేనెక్కడ కూర్చున్నా జనం ఫోన్లు ఎత్తుతారండీ. ఇక్కడ ఒక్కరు కూడా తల తిప్పి చూడలేదు. రెండు రోజులు ప్రాణం హాయిగా ఉంది. ఆ తర్వాత అందరూ ఒకేసారి తిప్పారు" అంది.

మాస్టారు క్షమించమని అడగబోయారు. ఆమె చేత్తో వారించింది.

"మీ అమ్మాయి నేను బొమ్మననుకుని అంతా చెప్పేసింది. అరవై బొమ్మల ముక్కులూ మీకు గుర్తుంటాయట. తన గొంతు ఎలా ఉంటుందో మాత్రం మీకు తెలీదట."

"నిజమే" అన్నారు మాస్టారు. తల దించుకుంటే బొమ్మ తల కిందినుంచి ఆయన్నే చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆరింటికి కచేరీ అన్నారు. సరిగ్గా అయిదూ యాభైకి లారీ వచ్చింది. బొమ్మల్ని ఎక్కించేవాళ్లు ముగ్గురు గ్యాలరీ దగ్గర ఎదురుచూస్తున్నారని, దగ్గరుండి లెక్క చూసుకోమని మూడు కార్డులాయన కబురు పెట్టాడు. ఇరవై ఏళ్లలో ఒక్క బొమ్మ కూడా మాస్టారి లెక్క లేకుండా లారీ ఎక్కలేదు, దిగలేదు. ఆయన గ్యాలరీ వైపు చూశారు. కూతురు ఆయన వైపు చూసింది. ఆ చూపు ఆయన అప్పట్లో చూడలేదు కానీ, బడిలో ఖాళీ కుర్చీని చూసిన చూపు అదే అయి ఉంటుంది.

"మీరే ఎక్కించేసుకోండి. లెక్క రేపు చూసుకుందాం" అని కబురు తెచ్చిన మనిషితో చెప్పి, ఆయన కూతురి వెనకే ముందు వరసకు నడిచారు.

పాటలమ్మాయి పాడింది. మొదటి పాటకే ఆ పక్కా ఈ పక్కా వేలమంది గొంతు కలిపారు. మాస్టారికి మాత్రం ఒక్క గొంతే వినిపించింది. సన్నగా, కొంచెం బొంగురుగా, పై స్థాయికి వెళ్లేటప్పుడు చిన్నగా వణికే గొంతు. తన ఇంట్లో పదమూడేళ్లుగా ఉన్న గొంతు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు. కూతురు చూసి, ఆయన మణికట్టు పట్టుకుంది.

మూడో పాట మధ్యలో ఆయనకు ఉన్నట్టుండి లెక్క గుర్తొచ్చింది. ఇవాళ అరవై రెండు టోపీలు. అందులో ఒకటి పాటలమ్మాయి. అరవై బొమ్మలు. ఇంకొకటి? తిరగని తల ఒకటి. నర్సు చేతికి తగిలిన నాడి ఒకటి. లారీ దగ్గరికి పరుగెత్తాలనిపించి ఒక అడుగు వేశారు. మణికట్టు మీద వేళ్లు బిగిశాయి. ఆగిపోయారు. ఏమైతే అదవుతుందని కచేరీ చివరిదాకా అక్కడే నిలబడ్డారు.

సోమవారం పొద్దున ఆయన కొట్టు వెనక పెరట్లోకి వచ్చేసరికి, రాత్రంతా అక్కడే ఆగి ఉన్న లారీ తలుపులు తెరుస్తున్నారు. కూతురు బడికి వెళ్తూ తండ్రికి తోడుగా వచ్చింది. దారిపొడవునా మాట్లాడుతూనే ఉంది. ఒక బొమ్మ మిగతావాటికన్నా బాగా బరువుందని, ఎక్కించేటప్పుడు ముగ్గురూ పట్టాల్సి వచ్చిందని దింపేవాళ్లు గొణిగారు. మాస్టారు లెక్కపెట్టారు. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. అరవయ్యోది తల లేని బొమ్మ. కూతురు సంచిలోంచి తల తీసి దాని ఒళ్లో పెట్టింది.

లారీలో అట్టచివర, చీకట్లో, పసుప్పచ్చ కోటు ఒకటి ఇంకా కూర్చునే ఉంది.

దింపేవాళ్లు ఎవరూ లోపలికి వెళ్లలేదు. కూతురు ఆయన వెనక నక్కింది. ఇవేవీ ఎరగని కాపలాదారు, లారీని ముందుకు తీయమని డ్రైవరుకు గట్టిగా ఈల వేశాడు.

లోపలున్నది నిటారుగా లేచి నిలబడింది. కుడి చెయ్యి మెల్లగా బయటికి చాచింది. ఆ చేతిలో పచ్చజెండా విప్పుకుంది. రెండుసార్లు ఊపి, జెండా చుట్టి, నల్ల కళ్లద్దాలు సవరించుకుని, వెలుతురులోకి వచ్చింది.

"అల్లుడుగారూ, పందెం మొదలైందా?" అన్నారు మామగారు.

చేతిలో రెండు జెండాలున్న మనిషిని ఆ రోజు ఆ వీధుల్లో ఎవరూ ఆపలేదట. పైగా పందెంలో జెండా ఊపే అధికారి అనుకుని గేటు దగ్గర ఎవరో నమస్కారం పెట్టి, కోటూ టోపీ ఇచ్చి, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోండి సార్ అన్నారట. కార్లు మొదలవుతాయి కదా అని కొంచెం కన్ను మూశారట. మధ్యలో ఎవరో ఆడపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు కల వచ్చిందని, ఆ తర్వాత బండి ఊపు మాత్రం ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఎరగనంత హాయిగా ఉందని చెప్పారు. అల్లుడు పాసు ఇవ్వలేదన్న కోపం ఆయనకు ఏ కోశానా ఉన్నట్టు లేదు.

మాస్టారు స్టోరు పుస్తకం తెరిచి రాశారు: పంపినవి అరవై, తిరిగి వచ్చినవి అరవై ఒకటి, అదనంగా వచ్చినదానికి కాఫీ ఇచ్చి ఇంటికి పంపడమైనది.